విండోస్ 10 ఈఎస్‌యూ: ఇంటికి సరే, అంగడికి లెక్క వేరే

విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఆ తర్వాత కూడా భద్రతా అప్‌డేట్లు కావాలంటే మైక్రోసాఫ్ట్ వారి ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) పథకంలో చేరాలి. తిరుపతిలో దర్శనం టికెట్ల ప్రింట్లు, డీటీపీ పనులు చేసే అంగళ్లలో పాత సిస్టమ్‌లకు కొదవలేదు. ఒకసారి కొంటే అయిపోయిందనుకున్నది ఇప్పుడు ఏటా కట్టే సేవగా మారింది.

ఇంటి కంప్యూటర్‌కు ఈఎస్‌యూ బాగుంది. 2026 అక్టోబరు 13 వరకు ముఖ్యమైన భద్రతా అప్‌డేట్లు వస్తాయి, కొత్త ఫీచర్లు రావు. ముందు స్టార్ట్ మెనూలో విన్‌వర్ (winver) అని కొట్టి విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 ఉందో లేదో చూడండి. తర్వాత సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే 'ఎన్‌రోల్ నౌ' ఉంటుంది. కనబడకపోతే పెండింగ్ అప్‌డేట్లు వేసి రీస్టార్ట్ చేయండి. అడ్మిన్ హక్కులున్న మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పనిసరి. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌కు సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, లేదంటే 30 డాలర్లు. సింక్ పెట్టేటప్పుడు డాక్యుమెంట్లు, ఫొటోల ఫోల్డర్లు ఆపేయండి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా దొరికేది 5 జీబీయే, ఇట్టే నిండుతుంది.

వ్యాపారానికి ఈ పథకం వర్తించదు. సంస్థల లైసెన్సు సిస్టమ్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు, గరిష్ఠం మూడేళ్లు. ఆలస్యంగా చేరినా గడిచిన ఏడాదికీ కట్టాలి. మూడేళ్లకు 427 డాలర్లు! పాత సిస్టమ్‌కు అంత దండగ.

ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం, ఆపైదైతే విండోస్ 11కు వెళ్లడమే మేలు. విండోస్ 11కు కావలసిన భద్రతా చిప్ 'టీపీఎం లేదు' అంటే చాలాసార్లు బయోస్‌లో (సిస్టమ్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) పీటీటీ, అంటే ఇంటెల్ టీపీఎం, ఆఫ్‌లో ఉన్నట్టే. డిస్క్ పాత పద్ధతి ఎంబీఆర్‌లో ఉండగా బూట్ విధానాన్ని కొత్తదైన యూఈఎఫ్ఐకి మారిస్తే సిస్టమ్ బూట్ కాదు. బ్యాకప్ తీసుకుని ముందు డిస్క్‌ను కొత్త పద్ధతి జీపీటీకి మార్చే విండోస్ టూల్ ఎంబీఆర్2జీపీటీ నడపండి.