టెక్కా మార్కెట్‌లో ఏం కొనాలి, ఏం అడగాలి

సింగపూర్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు నన్ను మొదట ఇంటి అద్దెల గురించి అడుగుతారు. ఆ వెంటనే గోంగూర గురించి. రెండో ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ టెక్కా సెంటరే. సెరంగూన్ రోడ్డు, బుకిట్ తిమా రోడ్డు కలిసే మూలన, లిటిల్ ఇండియా మెట్రో స్టేషన్‌ను ఆనుకుని ఉంటుంది. కింది అంతస్తులో ఒకవైపు వండిన భోజనం అమ్మే దుకాణాలు, మరోవైపు చేపలు, మాంసం, కూరగాయల మార్కెట్. పై అంతస్తులో చీరలు, పంజాబీ డ్రెస్సులు, దర్జీలు. బిర్యానీ ఎక్కడ బాగుంటుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను రాస్తున్నది పచ్చి సరుకు మార్కెట్ గురించి మాత్రమే.

మాది పాత నెల్లూరు జిల్లా, తమిళనాడు సరిహద్దు దగ్గరి ఊరు. బాపట్లలో ఆహార సాంకేతిక శాస్త్రం చదివాను. ఇక్కడ ఒక ఆహార కర్మాగారంలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. రోజంతా సరుకు పుట్టుపూర్వోత్తరాలు చూసే పని కావడంతో, సంచి పట్టుకుని బజారుకు వెళ్లినా నా కళ్లు ధర కన్నా ముందు "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అనే వెతుకుతాయి. ఈ దేశంలో ఆ ప్రశ్న ప్రతి ఇంటికీ అవసరమే. సింగపూర్ తినే ఆహారంలో 90 శాతానికి పైగా దిగుమతి సరుకే. 180కి పైగా దేశాలు, ప్రాంతాల నుంచి వస్తుంది. మన ఊళ్లో కూరగాయలమ్మిని "ఏ తోటవి?" అని అడిగితే పక్క ఊరి పేరు చెబుతుంది. ఇక్కడ ఒకే బల్ల మీద మూడు దేశాలు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి.

టెక్కా నాకు నచ్చడానికి అసలు కారణం, ఆ ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకడం. సూపర్‌మార్కెట్‌లో పొట్లం మీది చీటీ చదువుకోవాలి. ఇక్కడ మనిషి చెబుతాడు, అదీ చాలావరకు తమిళంలో. నాకు తమిళం వచ్చు. రానివాళ్లకు ఇంగ్లిష్, కాస్త మలయ్ సరిపోతాయి.

ముందు చేపల సంగతి. ఈ మార్కెట్‌కు ప్రాణం చేపలే. వంజరం, చందువ, పండుగప్ప, మాగ, రొయ్యలు, నీలి పీతలు, బెంగాలీల కోసం ఇలిష్, ఇలా మన కోస్తా వంటకు కావలసినవి దాదాపు అన్నీ ఉంటాయి. ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వస్తాయి. జురాంగ్ రేవులో దిగి తెల్లవారేసరికి ఇక్కడికి చేరతాయి. పండుగప్పను సింగపూర్ చుట్టూ ఉన్న సముద్రపు పంజరాల్లో కూడా పెంచుతారు. స్థానికంగా పెంచినది కావాలని అడిగితే కొందరు తీసి చూపిస్తారు. నేను ఎప్పుడూ కొనే చేపలాయన వంజరం మొప్ప ఎత్తి చూపించి "అక్కా, ఇది ఇండోనేషియా, రాత్రి దిగింది. అది మాత్రం నిన్నటిది, పులుసుకైతే తీసుకోండి, వేపుడికి వద్దు" అని తనే చెబుతాడు. నిన్నటిదని అమ్మేవాడే చెప్పే చోట సరుకు కొనడానికి నాకు అభ్యంతరం లేదు.

ఒక్క హెచ్చరిక. ఈ చేపలు వండుకోవడానికే, పచ్చిగా తినడానికి కాదు. 2015లో ఇక్కడ గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు. గంజిలో పచ్చి చేప ముక్కలు వేసుకుని తినే అలవాటు దగ్గర ఆ జాడ దొరికింది. వాటిలో మన కొర్రమీను జాతి చేప కూడా ఉంది. ఆ ఏడాది డిసెంబర్‌లో మంచినీటి చేపలను పచ్చిగా వడ్డించడాన్ని హోటళ్లన్నిటిలో నిషేధించారు. మనవాళ్లకు పచ్చి చేప తినే అలవాటు లేదు కానీ, పిల్లలు ఇక్కడ పెరుగుతున్నారు, స్నేహితులతో అన్నీ తింటున్నారు. అందుకే చెబుతున్నాను.

ఉడికించి వలిచిన రొయ్యలు, ఒలిచిన పీత మాంసం ఐసులో పెట్టి ఎందుకు అమ్మరని ఒక స్నేహితురాలు అడిగింది. వాటిని, పెంకు తీసిన పచ్చి ఆయిస్టర్లను, గుల్లల మాంసాన్ని కేవలం చల్లబరిచిన స్థితిలో దిగుమతి చేయడానికి ఈ దేశం ఒప్పుకోదు. ఉడికాక చేతులతో వలిచినప్పుడు సూక్ష్మజీవులు మళ్లీ చేరతాయి. ఐసు చల్లదనం వాటిని నిదానింపజేస్తుంది తప్ప ఆపలేదు. ఈ నిబంధన చదివినప్పుడు నాకు చాలా గౌరవం కలిగింది. ప్రమాదం ఎక్కడ పుడుతుందో తెలిసినవాళ్లు రాసిన నిబంధన అది.

మాంసం దుకాణాల్లో మటన్ ఎక్కువగా ఆస్ట్రేలియాది. విమానంలో చల్లగా వచ్చినదీ ఉంటుంది, గడ్డకట్టించినదీ ఉంటుంది, రెండింటి ధరలో తేడా బాగానే ఉంటుంది. మన మేకపోతు మాంసం రుచి కోరుకుని వచ్చేవాళ్లకు ముందే చెప్పాలి: ఇది చాలావరకు గొర్రె, కొవ్వు ఎక్కువ. ఎముకతో ముక్కలు కొట్టించుకుని, కొవ్వు తీయించుకుంటే కూర బాగా వస్తుంది. మాంసం విషయంలో ఇక్కడి పద్ధతి గట్టిది. సింగపూర్ ఫుడ్ ఏజెన్సీ ముందుగా దేశాన్ని ఆమోదించాలి, ఆ తరువాత ఆ దేశంలోని వధశాలను ఆమోదించాలి. సరుకుతో పాటు అక్కడి పశువైద్యాధికారి ధ్రువపత్రం రావాలి. ఊరి నుంచి కోడి పచ్చడి తెచ్చుకుందామనుకునే వాళ్లకూ ఈ పద్ధతే అడ్డు వస్తుంది. మాంసం ఏ రూపంలో ఉన్నా ఆమోదం ఉన్న దేశం నుంచే రావాలి. మామిడికాయ పచ్చడితో సరిపెట్టుకోండి.

కోడిమాంసం దుకాణాల దగ్గర నిలబడితే 2022 జూన్ గుర్తుకొస్తుంది. తమ దేశంలో ధరలు పెరుగుతున్నాయని మలేషియా నెలకు 36 లక్షల కోళ్ల ఎగుమతిని జూన్ 1 నుంచి ఆపేసింది. అంతకు ముందు ఏడాది సింగపూర్ కోడిమాంసంలో 34 శాతం అక్కడి నుంచే వచ్చింది. అందులో దాదాపు అంతా ప్రాణంతో వచ్చి ఇక్కడ కోసిన కోడి. అంటే అప్పట్లో ఇలాంటి మార్కెట్లలో అమ్మిన తాజా కోడి దాదాపు అంతా అదే. బ్రెజిల్ నుంచి గడ్డకట్టిన కోడి వస్తూనే ఉంది కాబట్టి ఎవరూ పస్తులుండలేదు. దెబ్బ తగిలింది తాజా కోడి అమ్ముకుని బతికే వాళ్లకు. జూన్ చివరికల్లా ఇండోనేషియాను కొత్త వనరుగా ఆమోదించారు. మలేషియా అక్టోబర్‌లో ఎగుమతిని పూర్తిగా తెరిచింది. నేను గమనించిన విషయం ఒకటుంది. సరుకు కరువైనా, ఇండోనేషియా కోళ్ల విషయంలో తనిఖీలు పూర్తయ్యాకే అనుమతి ఇచ్చారు. కొరత ఉన్నప్పుడు నియమాన్ని సడలించడం ఏ ప్రభుత్వానికైనా చాలా తేలిక. ఇక్కడ అలా చేయలేదు.

గుడ్లు కొనేటప్పుడు పెంకు మీది ముద్ర చూడండి. అందులో ఫారం కోడ్ ఉంటుంది. కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా బయటపడితే ఆ కోడ్ ప్రకటించి వెనక్కి తెప్పిస్తారు. 2021లో మలేషియా ఫారాల విషయంలో అలాగే జరిగింది. ముద్ర అరిగి కనిపించని గుడ్డును నేను పక్కన పెట్టించి వేరేది తీసుకుంటాను.

కూరగాయల వరసల్లో బెండకాయ, వంకాయ, పచ్చిమిర్చి లాంటివి ఎక్కువగా మలేషియావి, లారీల్లో సరిహద్దు దాటి వస్తాయి. దొండకాయ, మునక్కాయ, చిన్న ఉల్లిపాయల్లో మన దేశం నుంచి వచ్చినవి దొరుకుతాయి. గోంగూర విమానంలో వస్తుంది కాబట్టి రోజూ ఉండదు, ఉన్న రోజు మధ్యాహ్నానికే వాడిపోతుంది. ఆకు చిన్నదిగా, కాడ ఎర్రగా ఉన్న కట్టే తీసుకోండి. వేసవిలో బంగినపల్లి పెట్టెలు వస్తాయి. ధర చూసి మనసు వెనక్కి లాగుతుంది, వాసన చూసి ముందుకు లాగుతుంది. నేను కొంటాను.

మసాలాలు, పప్పులు, బియ్యం మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లోని కిరాణా కొట్లలో కొంటాం కాబట్టి వాటి గురించీ చెప్పాలి. 2024 ఏప్రిల్ 5న హాంకాంగ్ ఆహార భద్రతా కేంద్రం భారతీయ మసాలా పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ కనబడిందని ప్రకటించింది. ఏప్రిల్ 18న సింగపూర్ ఫుడ్ ఏజెన్సీ వాటిలో ఒకటైన ఎవరెస్ట్ ఫిష్ కర్రీ మసాలాను వెనక్కి తీసుకోమని దిగుమతిదారును ఆదేశించింది. మన వాట్సాప్ గుంపుల్లో ఆ వారమంతా గందరగోళం. "ఇక మసాలాలన్నీ విషమే" అని ఒకరు, "మన దేశం మీద కుట్ర" అని ఇంకొకరు. రెండూ తప్పే. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో దినుసుల్లోని సూక్ష్మజీవులను చంపుతారు. దినుసులను అలా శుద్ధి చేయడానికి సింగపూర్ నిబంధనలు అనుమతిస్తాయి, కానీ మిగిలిపోయే అవశేషానికి హద్దు పెట్టాయి. ఆ సరుకులో హద్దు దాటింది. కొద్ది మోతాదులో వెంటనే ప్రమాదం లేదనీ, దీర్ఘకాలం శరీరంలోకి వెళితే ఆరోగ్యానికి చేటు కాబట్టి వీలైనంత తగ్గించాలనీ ఏజెన్సీ చెప్పింది. ఆ తరువాత భారత సుగంధ ద్రవ్యాల బోర్డు సింగపూర్, హాంకాంగ్‌లకు వెళ్లే సరుకుకు ఈ పరీక్షను తప్పనిసరి చేసింది. మిర్చికి పుట్టినిల్లయిన గుంటూరులో ఆ బోర్డుకు సొంత ప్రయోగశాల ఉంది. అక్కడ సరిగా పరీక్షించి పంపిన కారం ఇక్కడ గౌరవంగా అమ్ముడుపోతుంది. రైతు కష్టానికి దక్కవలసిన మర్యాద అది. గుంటూరు కారం అంటే ప్రాణం పెట్టే మనిషిగా ఈ మాట అంటున్నాను.

అంత వేగంగా సరుకు వెనక్కి పిలవగలగడానికి కారణం పొట్లం మీది చీటీ. ఇక్కడ ముందే ప్యాక్ చేసిన ప్రతి ఆహారం మీద పదార్థాల జాబితా, పుట్టిన దేశం, స్థానిక దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. చాలా పొట్లాల మీద ఇది వెనకవైపు అతికించిన చిన్న తెల్ల కాగితం. మనం దాన్ని పట్టించుకోం. పట్టించుకోవాలి. ఇంటి దగ్గర ఒక కొట్లో, దాని పేరు రాయను, ఏ చీటీ లేని ప్లాస్టిక్ సంచుల్లో కారం, పసుపు కట్టి అమ్మడం చూశాను. "ఎవరు తెచ్చారు?" అని అడిగితే "ఇండియా సరుకేనమ్మా, మంచిదే" అన్నారు. నేను అడిగింది అది కాదు. రేపు ఆ కారంలో లోపం బయటపడితే ఎవరి తలుపు తట్టాలో ఎవరికీ తెలియదు. కొనకుండా వచ్చేశాను. మీరూ అలాగే చేయండి, అలాంటివి చూస్తే ఏజెన్సీకి తెలియజేయండి. 2025 జనవరిలో ఇక్కడి పార్లమెంటు ఆమోదించిన ఆహార భద్రత చట్టం సరుకు జాడ తెలిసేలా లెక్కలు రాయడాన్ని మరింత బిగిస్తుంది. అది 2028 వరకు దశలవారీగా అమల్లోకి వస్తుంది.

గసగసాల కోసం వెతకకండి. నల్లమందు మొక్క గింజలు కాబట్టి మాదకద్రవ్యాల నిరోధక శాఖ వాటిని నిషిద్ధ వస్తువుల్లో పెట్టింది. ఊరి నుంచి మసాలా డబ్బాలో వేసి తెచ్చుకోవద్దని మీ అమ్మకు, అత్తగారికి గట్టిగా చెప్పండి. కుర్మాలోకి జీడిపప్పు, కొబ్బరి నూరి వేస్తే చిక్కదనం వస్తుంది.

బియ్యం దగ్గర మాత్రం మనకు దిగులు అక్కర్లేదు. 2023 జూలైలో భారత్ బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు సోనా మసూరి బస్తాల కోసం కొట్ల ముందు జనం గుమిగూడారు. ఆగస్టు చివర్లో సింగపూర్‌కు 50,000 టన్నులు పంపడానికి భారత్ ప్రత్యేకంగా అనుమతించింది. పైగా ఇక్కడ బియ్యం దిగుమతిదారులు రెండు నెలల దిగుమతికి సమానమైన నిల్వ ఎప్పుడూ ఉంచాలన్న నియమం పాతదే. అవసరానికి మించి బస్తాలు పేర్చుకుంటే మన వంటగదిలో పురుగు పట్టడం తప్ప జరిగేది లేదు.

టెక్కా మార్కెట్‌కు నేనిచ్చేది అయిదుకు నాలుగు. ఆ మిగిలిన ఒకటి ఎందుకివ్వలేదంటే, విడిగా పోసి అమ్మే కూరగాయల దగ్గర దేశం పేరు రాసిన అట్ట ముక్క కూడా ఉండాలన్నది నా పట్టుదల. ఈ నగరంలో ఏ పచ్చి మార్కెట్‌లోనూ అది అన్ని బల్లల మీదా కనబడదు. అడిగితే చెబుతారు, నిజమే. కానీ భాష రాని ముసలమ్మ అడగలేదు, మొహమాటపడే కొత్త కోడలు అడగదు. నేను వెళ్లినప్పుడల్లా కూరగాయలాయనతో ఈ మాట అంటాను. "రాస్తాను అక్కా, పొద్దున్నే తీరిక ఉండదు" అంటాడు. ఈ మధ్య మునక్కాయల మీద మాత్రం 'ఇండియా' అని రాసి పెట్టాడు.

వెళ్లేవాళ్లు మామూలు రోజుల్లో ఉదయం ఎనిమిది లోపల వెళ్లండి. శని, ఆదివారాల్లో కాలు పెట్టే చోటుండదు, సోమవారం చాలా చేపల బల్లలు మూసి ఉంటాయి. నేల తడిగా ఉంటుంది, జారని చెప్పులు వేసుకోండి. చేపలు కొని ఇంకెక్కడికైనా వెళ్లే పని ఉంటే చల్లదనం నిలిపే సంచి, ఐసు తీసుకెళ్లండి. ఈ ఎండలో అరగంట చాలు, జురాంగ్ నుంచి ఇంతవరకు అందరూ కాపాడుకుంటూ వచ్చిన చేప పాడవడానికి.