ట్రేడ్ పత్రికల్లో మార్కెట్ అంచనా: హన్మకొండ కమర్షియల్ సంస్థకు ఎంత పనికొస్తుంది

మడిగెలు, ఆఫీసు స్థలాలు కిరాయికి ఇప్పించే సంస్థకు హోర్డింగు కన్నా, ఆ రంగంవాళ్లు చదివే ట్రేడ్ పత్రికలో ఏటా రాసే మార్కెట్ అంచనాయే ఎక్కువ పనిచేస్తుంది. కొన్నేళ్లుగా చేస్తున్నాం కాబట్టి గట్టిగానే చెబుతున్నాం. అయితే అంచనా కింద సొంత లెక్క ఉండాలి.

ఆ లెక్క రెడీగా ఎక్కడా దొరకదు. చాలామంది లీజు రిజిస్టర్ చేయించకుండా 11 నెలల అగ్రిమెంటుతో సరిపెట్టుకుంటారు. అసలు కిరాయి రికార్డుకెక్కదు. ప్రభుత్వ మార్కెట్ విలువ స్టాంపు డ్యూటీ కోసం పెట్టింది. 2021 జులైలో, 2022 ఫిబ్రవరిలో అది పెరిగిందంటే కిరాయిలు పెరిగాయని కాదు.

కాబట్టి రోడ్డు మీద నడవాల్సిందే. హన్మకొండ చౌరస్తా, నక్కలగుట్ట, సుబేదారి, హంటర్ రోడ్డు, వరంగల్ స్టేషన్ రోడ్డు: ఆరు నెలలకోసారి అవే రోడ్లు, అవే హద్దులు. మూతపడ్డ షట్టర్లు, టు-లెట్ బోర్డులు లెక్కపెట్టాలి. ప్రతి మడిగెకూ కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే స్థలం), ముందు వెడల్పు, అడ్వాన్సు ఎన్ని నెలలది, ఏటా పెంపు ఎంత శాతం, జీఎస్టీ కిరాయిలో కలిసిందా విడిగానా అన్నవి రాసుకోవాలి. ఓనరు అడిగే ధర ఒక గడిలో, కుదిరిన ధర ఇంకో గడిలో. ఈ రెండూ కలిస్తే పట్టికంతా పాడవుతుంది. ఇంకో పొరపాటూ తరచూ జరుగుతుంది. 10×20 మడిగెకు కిరాయి గుత్తగా చెబుతారు. దాన్ని 200 చదరపు అడుగులతో భాగిస్తే వచ్చే రేటును పై అంతస్తులోని 3,000 అడుగుల హాలుకు కడితే ఎవరూ దిగరు. ఆ రెంటికీ వేర్వేరు పట్టికలే నయం.

మామునూరు ఎయిర్‌పోర్టు, 2023లో శంకుస్థాపన జరిగిన కాజీపేట రైల్వే యూనిట్ లాంటి వార్తలకు ముందు కదిలేది భూమి ధర. మడిగె కిరాయి జనం తిరిగాకే కదులుతుంది. రెంటినీ ఒకే వాక్యంలో కలిపి రాసినవాళ్లను బ్యాంకువాళ్లు మళ్లీ నమ్మరు.

జనవరి సంచిక కోసం సెప్టెంబరులోనే ఎడిటర్‌తో మాట్లాడాలి. 700 పదాలు, ఒక పట్టిక, 300 డీపీఐ ఫొటో ఒకటి చాలు. డబ్బిచ్చి వేయించే పేజీ వద్దు. పైన ‘ప్రకటన’ అని పడగానే చదివేవాళ్లు తిప్పేస్తారు. అమ్మకానికున్న ప్రాజెక్టు పేరు వ్యాసంలో పెట్టొద్దు. పెడితే అది ప్రకటన కిందికి రావచ్చు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, దాని వెబ్‌సైటు వేయాల్సి రావచ్చు. తప్పు చెబితే నష్టపరిహారం దాకా పోతుంది.

పెద్ద చిక్కు ఎడిటింగులో ఉంది. ‘కొత్త షట్టర్లు నిండితేనే’ అన్న ముక్క ఎగిరిపోయి, ‘కిరాయిలు పెరుగుతాయి’ అన్న హెడ్డింగే మిగులుతుంది. ఓనర్లు అది పట్టుకుని రేటు పెంచుతారు, కుదరబోయిన బేరం చెడుతుంది. అంకె ఉన్న వాక్యంలోనే షరతు కూడా ఇరికించండి, అప్పుడు కోయడం కష్టం.

వ్యాసం పడ్డాక ఫోన్లు వెంటనే రావు. వచ్చేవి బ్యాంకు శాఖల నుంచి, డయాగ్నస్టిక్ సెంటర్ల నుంచి, చెయిన్ షాపుల విస్తరణ మేనేజర్ల నుంచి. ప్లాట్లు కొనేవాళ్ల నుంచి దాదాపు ఏమీ రావు. అందుకని వెంచర్ అమ్మే సంస్థలకు ఈ దారి సిఫారసు చేయం. కమర్షియల్‌వాళ్లు మాత్రం రెండో ఏడు నిరుటి అంచనా పక్కనే అసలు జరిగిన అంకె వేయాలి, తప్పినా సరే. ప్రపోజల్‌తో పాటు పంపాల్సింది ఆ పేజీయే, పత్రిక దగ్గర పునర్ముద్రణ అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాక.