పాత కారులో కూలెంట్ లీక్: ప్రెషర్ టెస్టరా, యూవీ డైనా?

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోందంటే ముందు పట్టాల్సింది ప్రెషర్ టెస్టరే, అంటే కూలింగ్ వ్యవస్థలోకి గాలి ఒత్తిడి ఎక్కించే, మీటరున్న చేతి పంపు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి టెస్టర్ బిగించండి. మూత మీద రాసి ఉన్న ప్రెషర్ వరకే పంపు కొట్టండి; చాలా కార్లకు అది 0.9 నుంచి 1.1 బార్. మించితే ముసలి హీటర్ కోర్ (డాష్ వెనక, కారు లోపలికి వేడినిచ్చే చిన్న రేడియేటర్) పగలొచ్చు. పావుగంటలో ముల్లు దిగితే హోస్ క్లిప్పులు, వాటర్ పంపు వీప్ హోల్ (పంపు సీలు పాడైతే కూలెంట్ కారే చిన్న రంధ్రం), రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అతుకు చూడండి. బయటెక్కడా తడి లేదా? హీటర్ కోర్ కారుతోందేమో, డాష్ కింద కార్పెట్ తడిమండి. అదీ పొడిగా ఉంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాకుకూ దాని పై హెడ్‌కూ మధ్య సీలు) అనుమానించాలి.

ఇంజిన్ వేడెక్కితేనే కారి, వెంటనే ఆవిరయ్యే సన్న లీకు టెస్టర్‌కు దొరక్కపోవచ్చు. అక్కడ యూవీ డై, అంటే కూలెంట్‌లో కలిపితే యూవీ వెలుగులో మెరిసే రంగు, నయం. పాత మరకలు కడిగి, సీసా మీది మోతాదులో పోసి, హీటర్ ఆన్ చేసి రెండు మూడు రోజులు నడిపాక చీకట్లో యూవీ టార్చ్ వేయండి. కొన్ని కూలెంట్లు డై లేకుండానే మెరుస్తాయి, అది ముందే చూసుకోండి.