మారతహళ్ళి క్రికెట్ నెట్స్‌లో బేస్‌బాల్ పిచింగ్: లేన్ బాగుంది, వార్మప్‌కే చోటు లేదు

బెంగళూరు మారతహళ్ళి వైపు గంట లెక్కన అద్దెకిచ్చే ఈ ఇండోర్ క్రికెట్ నెట్స్‌లో బేస్‌బాల్ బంతి విసిరే పిచర్లకీ లేన్ ఇస్తారు. కొలతలు మాత్రం మనమే వేసుకోవాలి.

రబ్బరు (పిచర్ కాలు ఆనించి విసిరే పలక) నుంచి హోమ్ ప్లేటు (బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక) వెనక మొన దాకా 60 అడుగుల 6 అంగుళాలు ఉండాలి. క్రికెట్ పిచ్ వికెట్ నుంచి వికెట్‌కి 66 అడుగులు. ప్లేటు మొనను బ్యాటింగ్ వికెట్ల గీత మీదే పెడితే వెనక మూడడుగులకే వల, బంతి పట్టే క్యాచర్ కూర్చోలేడు. ప్లేటును ఆరడుగులు ముందుకు జరిపి, రబ్బరును బౌలర్ వైపు వికెట్ల గీతకు అర అడుగు వెనక పెట్టండి, లెక్క సరిపోతుంది.

మౌండ్, అంటే పిచర్ నిలబడి విసిరే మట్టి దిబ్బ, లేదు. 10 అంగుళాల ఎత్తు నుంచి అడుగుకు అంగుళం చొప్పున దిగే వాలు లేకుండా అలవాటైతే, మ్యాచ్‌లో కాలూ చెయ్యీ లయ తప్పి బంతి మీదికి పోతుంది. ప్లైవుడ్‌తో చేయించుకున్న వాలుబల్లను లోపలికి రానిస్తారు, అది మెచ్చుకోవాలి. రబ్బరుకు ఐదడుగుల ముందు టర్ఫ్ అతుకు లేచి ఉంది. పిచర్ ముందు కాలు పడేది సరిగ్గా అక్కడే! టేపు వేయించుకున్నాకే మొదలుపెట్టండి.

వాళ్ళిచ్చే సింథటిక్ బంతులకి కుట్టు చదును, కర్వ్ (గాలిలో వంపు తిరిగే బంతి) తిరగదు. పైగా ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి పలుచన. చెన్నైలో తిరిగినంత ఇక్కడ ఎలాగూ తిరగదు. తోలు బంతులు మీవే తెచ్చుకోండి.

అసలు లోపం వార్మప్. ముందు బ్యాచ్ గంట కొట్టేదాకా కదలదు. బయట చెప్పుల స్టాండు, స్కూటర్లు తప్ప జాగా లేదు. లోపలికి వెళ్ళీ వెళ్ళగానే పూర్తి జోరుతో వేస్తే దెబ్బ మోచేతికే. నొప్పి ఉన్నా వేసేవాళ్ళకి అమెరికన్ పిచర్ లారీ యౌంట్ సంగతి తెలియాలి. 1971 సెప్టెంబర్ 15న హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు అతన్ని తొమ్మిదో ఇన్నింగ్స్‌లో దింపింది. బుల్‌పెన్‌లోనే (పిచర్లు వార్మప్ చేసే చోటు) మోచెయ్యి నొప్పి, తగ్గుతుందిలే అనుకున్నాడు. మౌండ్ మీద వార్మప్ బంతులకే ఎక్కువై వెనుదిరిగాడు. పేరు ప్రకటించారు కాబట్టి మ్యాచ్ లెక్కలో పడింది, అంతే. ఒక్క బ్యాటర్‌కైనా వెయ్యకుండానే మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) కెరీర్ ముగిసింది. తమ్ముడు రాబిన్ మాత్రం బేస్‌బాల్ దిగ్గజాలకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దాకా వెళ్ళాడు.

స్లాట్‌లో మొదటి పావుగంట సగం దూరం నుంచి మెల్లగా వెయ్యండి. ఇక్కడి కోచ్‌లు ఓవర్లు లెక్కపెడతారు గానీ బంతులు కాదు. 13, 14 ఏళ్ళ పిల్లలకి అమెరికాలో రోజుకి 95 బంతుల పరిమితి, 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి. ఆ లెక్క తల్లిదండ్రులే చూసుకోవాలి.

పొద్దున ఆరు గంటల స్లాట్ తీసుకోండి. ముందు బ్యాచ్ ఉండదు, పావుగంట ముందే లోపలికి వదులుతారు. శని, ఆదివారాల సాయంత్రాలు మాత్రం వద్దు.