మారతహళ్లి లేడీస్ పీజీ: వంట గురించి కొంచెం, ఓనర్ ఆంటీ గురించి ఎక్కువ

బెంగళూరులో మారతహళ్లి వైపు పీజీ వెతుకుతున్న మన తెలుగు అమ్మాయిల కోసం రాస్తున్నాను. ముందు మామూలు సంగతులు. ట్రిపుల్ షేరింగ్ 9,000, మూడు పూటలా మన వంటే, పప్పు, రసం బాగుంటాయి, చికెన్ ఆదివారం మాత్రమే. రాత్రిళ్లు వైఫై స్లో. పై అంతస్తులో పొద్దున 7 దాటితే వేడినీళ్లు రావు.

ఇక ఓనర్ ఆంటీ. ఆవిడ విశ్వాసి, నేనూ చర్చికి వెళ్లేదాన్నే, అందుకే కాస్త ఎక్కువే గమనించాను. ఇంతకుముందు నేనూ మా రూమ్మేటూ ఉన్న పీజీ ఓనర్ కూడా విశ్వాసే, గేటు నుంచి హాలు దాకా వాక్యాల క్యాలెండర్లే, కానీ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అనీ క్లీనింగ్ అనీ చెప్పి డిపాజిట్‌లో సగానికి పైగా కోసేశారు. మా రూమ్మేట్ హిందువు. "మీ దేవుడు దీనికి ఒప్పుకుంటాడా?" అని నన్నే అడిగింది. డబ్బు పోయిన దానికంటే ఆ మాటకే ఎక్కువ బాధపడ్డాను, ఎందుకంటే చేసింది ఆయనైనా తన దృష్టిలో తగ్గిపోయింది ప్రభువు పేరు. ఆ తర్వాత క్రిస్టియన్ పీజీ అంటేనే వద్దంది, బతిమాలి తీసుకొచ్చాను.

ఇక్కడ డిపాజిట్‌లో దేనికి ఎంత పట్టుకుంటారో చేరిన రోజే కాగితం మీద రాసిస్తారు. 2024 ఎండల్లో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ రేట్లు మండిపోతుంటే, నీళ్లు ఏ టైమ్‌కి వదులుతారో ముందే చెప్పేవారు, మా మీద అదనంగా ఒక్క రూపాయి వేయలేదు. ప్రార్థనకు రమ్మని ఎవరినీ ఒత్తిడి చేయరు. నైట్ షిఫ్ట్ అమ్మాయిలు పడుకుంటారని పొద్దున పాటలు కూడా సౌండ్ బాగా తగ్గించి పెట్టుకుంటారు. మా రూమ్మేట్ ఇప్పుడు ఆఫీసులో ఏ టెన్షన్ వచ్చినా ముందు చెప్పుకునేది ఆంటీకే.

నాకు అన్నిటికంటే నచ్చింది భోజనాల టేబుల్. క్లీనింగ్ చేసే అక్క ఆంటీ పక్కనే కూర్చుని తింటుంది. క్రిస్మస్‌కి సంఘ పెద్దలు వచ్చినప్పుడు కూడా ఆవిడను లేవమనలేదు, వాళ్లతో పాటే వడ్డించారు. బైబిల్లో గలతీ పత్రిక 2వ అధ్యాయం చదివిన వాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తింటున్న అపొస్తలుడైన పేతురు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే భయపడి వేరైపోతే, మిగతా యూదులూ ఆయన వెంటే వెళ్లారు, చివరికి బర్నబా అంతటివాడు కూడా. అపొస్తలుడు పంక్తి విడిస్తే ఊరుకోకుండా పౌలు అందరి ముందూ నిలదీశాడు.

ఇబ్బందల్లా ఆంటీ ఊరెళ్లినప్పుడు పీజీ చూసుకునే ఆవిడ తమ్ముడితో. చర్చిలో గిటార్ వాయిస్తారు, ఇక్కడ మాత్రం ఆ అక్కను "ఏయ్" అని పిలుస్తారు. ఆయన ఉన్న కొద్ది రోజుల్లోనే మా ఫ్లోర్‌లో కొందరు అమ్మాయిలు కూడా ఆవిడను అలాగే పిలవడం మొదలుపెట్టారు, అంతకుముందు వాళ్ల నోట అక్కా అనే మాట తప్ప వినలేదు. ఆంటీకి చెప్పాను. మాట్లాడతానన్నారు గానీ ఇంకా పెద్దగా మార్పు లేదు. ఒక స్టార్ తగ్గించింది అందుకే, మారితే వచ్చి ఐదూ ఇస్తాను. చేరేవాళ్లు మొదటి అంతస్తు అడగండి, వేడినీళ్ల సమస్య ఉండదు.