అల్యూమినియం క్యారవాన్ ట్రైలర్: బరువు తగ్గుతుంది, ఎండ తగ్గదు

కారు వెనక తగిలించుకుని తిరిగే చిన్న క్యారవాన్ కొనాలనుకునే హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే, అల్యూమినియం బాడీకి అంత డబ్బు పెట్టడం అవసరమా అని. అలాంటిదే ఒకటి కొన్నేళ్లుగా నా దగ్గర ఉంది. స్కార్పియోకి తగిలించి శ్రీశైలం, అనంతగిరి, నాగార్జునసాగర్, అప్పుడప్పుడు బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ దాకా తిప్పాను. తరచూ రోడ్డెక్కేవాళ్లకు ఆ డబ్బు దండగ కాదు. కానీ మన దగ్గర ఈ బండికి అసలు పరీక్ష పెట్టేవి ఎండ, జాయింట్లు. అమ్మేవాళ్లు బరువు గురించే మాట్లాడతారు, ఈ రెండిటి ఊసెత్తరు.

ముందు బరువే చూద్దాం. స్టీలుతో పోలిస్తే అల్యూమినియం బరువు మూడో వంతు. అలాగని ట్రైలర్ బరువు కూడా మూడో వంతుకు దిగుతుందనుకోకండి. వంగకుండా నిలబడే గుణం కూడా స్టీలులో మూడో వంతే కాబట్టి ఫ్రేము పైపులు పెద్ద సైజువి వాడాలి, ఇక యాక్సిల్, చక్రాలు, మంచం, బ్యాటరీ ఏ బండికైనా తప్పవు. నా బండి ధర్మకాంటా మీద ఖాళీగా 640 కిలోలు తూగింది. ఆ తర్వాత బరువు పెంచేది మన సామానే. 100 లీటర్ల ట్యాంకు నింపితే నిండా 100 కిలోలు, ఇంట్లో వాడే 14.2 కిలోల గ్యాస్ బండ పెడితే దాని ఇనుముతో కలిపి 30 కిలోల దాకా. అందుకే మేం 5 కిలోల చిన్న సిలిండరే పెడతాం, నీళ్లు వెళ్లిన ఊళ్లోనే నింపుకుంటాం.

ఈ తేలికదనం విలువ దోమలపెంట దాటాక శ్రీశైలం డ్యాం వైపు దిగే మలుపుల్లో తెలిసొస్తుంది. సెకండ్ గేర్‌లో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద కాలు నొక్కిపెట్టి ఉంచాల్సిన పని లేదు, కిందకి వచ్చాక చక్రాల దగ్గర కాలిన వాసన ఉండదు. ఎక్కేటప్పుడూ అంతే, వెనక వచ్చే బస్సువాడు హారన్ కొడుతున్నాడని టెన్షన్ పడకుండా ఎక్కేస్తాం. (ఆ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి వాహనాలు వదలరు, ట్రైలర్‌తో మెల్లగా వెళ్లేవాళ్లు మన్ననూరు చెక్‌పోస్టుకు టైముకి చేరేలా బయల్దేరాలి.)

అదే తేలికదనం జడ్చర్ల దాటి ఎన్‌హెచ్ 44 మీద మైదానం మొదలయ్యాక కాస్త ఇబ్బంది పెడుతుంది. పక్కనుంచి పెద్ద కంటైనర్ లారీ దూసుకెళ్తే ముందు ఇటు నెట్టి, తర్వాత అటు లాగుతుంది, వెనక బండి తోక ఊపడం స్టీరింగ్‌లో తెలుస్తుంది. అప్పుడు గట్టిగా బ్రేకు కొట్టకూడదు, యాక్సిలరేటర్ మీద కాలు తీసి స్టీరింగ్ నిటారుగా పట్టుకుంటే సర్దుకుంటుంది. అసలు ఊగకుండా ఉండాలంటే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని కారుకి తగిలించే కొక్కెం మీద పడాలి. అంటే నా బండి 850 కిలోలకు నిండినప్పుడు 85 నుంచి 127 కిలోలు. బరువైన సామాను యాక్సిల్‌కి కాస్త ముందు, కింద ఉండాలి. తేలిక బండిలో వెనక మూల ఒక బియ్యం బస్తా పెట్టినా తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక ఎండ. మే నెలలో హైదరాబాద్‌లో 42 డిగ్రీలు ఉన్నప్పుడు మధ్యాహ్నం నీడ లేని చోట నిలిపి తలుపు తీస్తే లోపలి గాలి ముఖానికి కొడుతుంది. అల్యూమినియం వేడిని స్టీలు కన్నా నాలుగు రెట్లు వేగంగా లోపలికి పంపిస్తుంది, చెక్కతో అయితే పోలికే లేదు. గోడలో వేడిని ఆపే ఫోమ్ ఉంది కదా అంటారు. ఫోమ్ ఉన్నచోట బాగానే ఉంటుంది, కానీ బయటి రేకును, లోపలి షీటును కలిపే ఫ్రేము పైపులు కూడా అల్యూమినియమే కాబట్టి వేడి వాటి గుండా వచ్చేస్తుంది. ఇది కంటికి కనిపించేది చలికాలంలో. డిసెంబర్‌లో అనంతగిరి కొండ మీద తెల్లారి లేచి చూస్తే లోపలి గోడ మీద సరిగ్గా పైపులున్న చోట మాత్రమే నిలువుగా తడి చారలు, వేలితో రాస్తే నీళ్లు కారతాయి, మధ్యలో ఫోమ్ ఉన్న భాగం మాత్రం పొడిగా ఉంటుంది. మన ఊపిరిలోని తేమే అక్కడ చేరుతుంది. కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి పడుకుంటే చాలా తగ్గుతుంది. కొత్తగా చేయించుకునేవాళ్లు ఫ్రేముకి, లోపలి షీటుకి మధ్య ఫోమ్ టేపు వేయమని పట్టుబట్టండి. బండి పూర్తయ్యాక అది వేయాలంటే లోపలి షీట్లన్నీ విప్పాలి.

పైకప్పు గురించి ఒక మాట. తళతళలాడే రేకు ఎండను తిప్పి కొడుతుంది, నిజమే, కానీ ఎక్కిన వేడిని మాత్రం తొందరగా వదలదు. తెల్ల కోటింగ్ ఎండనూ తిప్పి కొడుతుంది, వేడినీ వదిలేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ల కప్పులకు తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ వెనక ఉన్న సూత్రం ఇదే. నేను కప్పుకు తెల్ల కోటింగ్ వేయించాక, పైన వెంట్ ఫ్యాన్ పెట్టించాక మా ఆవిడ మధ్యాహ్నం కూడా లోపల వంట చేయగలుగుతోంది, అంతకుముందు స్టవ్ బయటే పెట్టేది. ఏసీ కూడా ఇప్పుడు తొందరగా చల్లబరుస్తోంది.

జాయింట్ల సంగతికి వస్తే, వేడికి అల్యూమినియం స్టీలు కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. నాలుగు మీటర్ల రేకు తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గర ఉండి మధ్యాహ్నం ఎండకు 60కి చేరితే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు పొడుగవుతుంది. సాయంత్రం చల్లబడేటప్పుడు టక్ టక్‌మని చప్పుళ్లు వచ్చేది అందుకే, భయపడకండి. కానీ రోజూ ఇలా సాగి ముడుచుకునే జాయింటులో గట్టిపడే ఎపాక్సీ పుట్టీ పెడితే ఒక్క ఎండాకాలానికే పగుళ్లిస్తుంది, తొలి వానకే నీళ్లు లోపలికి. సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంటే వాడాలి. ఏటా జూన్‌కి ముందు కప్పు అంచులు, కిటికీ చుట్టూ, వెంట్ చుట్టూ చేత్తో నొక్కుతూ చూసుకుంటాను.

రేకుల్ని బిగించే మేకుల్లాంటి రివెట్లను ఇంకా దగ్గరగా చూడాలి. మా బండిలో చక్రం పైన ఉన్న వరసలో కొన్ని రివెట్ల చుట్టూ నల్లటి పొడి చేరడం గమనించాను, గుడ్డతో తుడిస్తే పోయింది, మళ్లీ ఒక ట్రిప్పు తిరిగొచ్చాక అక్కడే కనిపించింది. అది మట్టి కాదు, వదులైన రివెట్ కదులుతూ రేకును అరగదీస్తుంటే వచ్చే పొడి. అలాంటివి డ్రిల్ చేసి తీసేసి ఒక సైజు పెద్దవి కొట్టించాలి. గుంతల రోడ్లు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు ఉన్న మన దగ్గర ఇది తప్పని పని. స్టీలు ఒక హద్దు లోపల ఎన్ని కుదుపులైనా తట్టుకుంటుంది, అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న కుదుపులు కూడా లెక్కలో చేరుతూనే ఉంటాయి.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లోటు రిపేరు. స్టీలు ఫ్రేము విరిగితే ట్రాక్టర్ ట్రాలీలు అతికే ఏ పల్లెటూరి వెల్డింగ్ షాపులోనైనా గంటలో పని అవుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, కానీ దాని పైన ఉండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. మామూలు ఆర్క్ వెల్డింగ్‌తో ప్రయత్నిస్తే రేకుకి చిల్లు పడుతుంది. ఆర్గాన్ గ్యాస్‌తో టిగ్ వెల్డింగ్ చేసేవాళ్లు బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో దొరుకుతారు, అచ్చంపేట దాటాక ఎక్కడ వెతుకుతాం? అందుకే బండిలో రివెట్ గన్, కొన్ని రేకు ముక్కలు, సీలెంట్ ట్యూబు ఎప్పుడూ ఉంటాయి. నల్లమలలో కోతులు కప్పు మీదికి దూకి చేసిన సొట్టలైతే అలాగే ఉన్నాయి, పల్చటి రేకు ఒకసారి సాగాక మళ్లీ చదునుగా రాదు.

తుప్పు పట్టదన్న మాట కూడా పూర్తి నిజం కాదు. ఎర్ర తుప్పు రాదు, అంతే. ఒక వర్క్‌షాపులో సైడ్ గుడారం బిగిస్తూ మామూలు ఇనుప స్క్రూలు వేశారు. సూర్యలంకలో రెండు రాత్రులు ఉప్పు గాలికి ఉన్నాక వాటి చుట్టూ తెల్లటి పొడి లేచి పెయింట్ ఉబ్బింది. రెండు వేరు లోహాల మధ్య ఉప్పు తేమ చేరితే ముందు తినుకుపోయేది అల్యూమినియమే. వాటిని తీయించి, నైలాన్ వాషర్లతో స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయించాను. బీచ్ నుంచి రాగానే మంచినీళ్లతో అడుగు భాగం కూడా కడుగుతాం.

చెదలు లేకపోవడం మాత్రం మన వాతావరణంలో నిజంగా పెద్ద లాభం. చెక్క ఫ్రేము బండ్లు వానాకాలం అంతా ఓ మూల నిలబడి ఉంటే లోపల్లోపలే కుళ్లిపోతాయి, బయటికి తెలిసేసరికి గోడ మెత్తబడి ఉంటుంది. అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ వాళ్లు 1936లోనే విమానాల పద్ధతిలో రివెట్లు కొట్టి అల్యూమినియం క్లిప్పర్ ట్రైలర్ తీసుకొచ్చారు. ఆ కంపెనీ పాత బండ్లు దశాబ్దాల తర్వాత కూడా తిరుగుతున్నాయి, వాటిలో పాడయ్యేది ఎక్కువగా నీళ్లు కారి కుళ్లిన ప్లైవుడ్ నేలే. అందుకని గోడలు చూసి మురిసిపోకుండా నేల దేనితో వేశారో అడగండి.

చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. అల్యూమినియం అని అమ్మేవాటిలో చాలావాటికి కింద చాసిస్ స్టీలే ఉంటుంది, అది తప్పేం కాదు, కానీ రెండూ కలిసే చోట మధ్యలో రబ్బరో ప్లాస్టిక్కో వేశారా లేదా అని కిందికి దూరి చూడాలి. ధర్మకాంటా చీటీ మీ కళ్ల ముందే తీయించండి, బ్రోచర్‌లో రాసిన బరువు నమ్మకండి. కాగితాల దగ్గర అస్సలు మొహమాటపడొద్దు. 1988 మోటారు వాహనాల చట్టం నిర్వచనం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితాలు తర్వాత ఇస్తామంటే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.