దమ్ము పంపు, ముక్కు స్ప్రే: ఏళ్లుగా వాడుతూ గమనించినవి

మిర్యాలగూడలో మాది మిల్లుల వైపు ఇల్లు. యాసంగి కోతలు మొదలైతే వడ్ల దుమ్ము, పొట్టు, రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం. వానాకాలం పంట దిగే అక్టోబరు, నవంబరు నెలల్లో మళ్లీ అదే, పైగా చలి. ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున లేస్తూనే తుమ్ములు, రాత్రి పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. ఈ రెండింటికీ డాక్టరు రాసినవి స్టెరాయిడ్ మందులే. ఛాతీకి బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, ఊపిరి గొట్టాలను తెరిచే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్, అదే మేం పంపు అనేది. ముక్కుకు ఫ్లూటికసోన్ స్ప్రే.

ముందు స్ప్రే గురించి. కొట్టగానే ముక్కు తెరుచుకుంటుందని ఆశపడితే నిరాశే. పూర్తి గుణం కనిపించడానికి ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ఆక్సీమెటాజోలిన్ చుక్కలు నిమిషాల్లో ఊపిరాడేలా చేస్తాయి, నిజమే. కానీ అవి నాలుగైదు రోజులు దాటితే ముక్కు మరింత బిగుసుకుపోతుంది, చుక్కలు లేనిదే నిద్ర పట్టదు. స్ప్రేతో ఆ బాధ లేదు. కొంచెం గులాబీ వాసన వస్తుంది, గట్టిగా పీలిస్తే చేదు గొంతులోకి దిగుతుంది. అందుకే తల కాస్త ముందుకు వంచి, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, కుడి ముక్కుకు ఎడమ చేత్తో కొట్టాలి. అలా చేస్తే మందు మధ్య గోడకు కాకుండా పక్కకు తగులుతుంది. ఎండాకాలంలో ముక్కు ఎండిపోయి అప్పుడప్పుడు చీమిడిలో నెత్తురు చార కనపడుతుంది. అది ఈ మందుకున్న లోపమే. ముక్కు సర్దుకున్నాక రాత్రి దగ్గు కూడా తగ్గడం నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

ఇన్‌హేలర్ దగ్గర మందు కంటే పద్ధతే ముఖ్యం. బాగా ఊపి, ఊపిరంతా వదిలి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. స్పేసర్, అంటే పంపుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం, పెట్టుకుంటే సగం కష్టం తగ్గుతుంది. అది లేకపోతే మందులో చాలా భాగం గొంతులోనే అంటుకుంటుంది. వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నాలుక మీద తెల్లపూత వస్తుంది. పుక్కిలిస్తున్నా నా గొంతు కాస్త బొంగురుపోయింది. మందు మోతాదు తగ్గించాక కొంత నయం.

మా దగ్గర అందరూ అనే మాట ఒకటుంది: "పంపు పట్టుకుంటే ఇడిసిపెట్టదు, గోలీలే నయం." ఇది వింటే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి. నా ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో బుడెసొనైడ్ 200 మైక్రోగ్రాములు. దమ్ము ముదిరినప్పుడు కొద్ది రోజులకు రాసే స్టెరాయిడ్ గోలీ ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాకా ఉంటుంది, అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండూ వేరు మందులు, బలం ఇలా అంకెలతో పోల్చలేం. కానీ ఒకటి ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది, ఇంకోటి ఒళ్లంతా తిరుగుతుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు గోలీలు వేసుకోవాల్సిందే. నెలల తరబడి వాడితే ముప్పు ఎక్కువ.

మా పెద్దనాయన పేరు లేని పొట్లాల మందు ఏళ్ల తరబడి మింగాడు. మొహం గుండ్రంగా తేలితే ఊళ్లో "మనిషి ఒళ్లు చేసిండు" అని సంబరపడ్డారు. చేతుల మీద చర్మం మాత్రం ఉల్లిపొరలా పలచబడి, ఏది తగిలినా నల్లమచ్చ పడేది. షుగర్ బయటపడ్డాకే ఆ పొట్లాల్లో స్టెరాయిడ్ ఉండి ఉంటుందని పెద్దాసుపత్రి డాక్టరు అనుమానించాడు. అలాంటివి ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది కాబట్టి డాక్టరు చూస్తూ మెల్లగా తగ్గించాలి. మృగశిర కార్తె నాడు చేప ప్రసాదానికి హైదరాబాద్ పోయేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. వాళ్ల నమ్మకం వాళ్లది, నేను కాదనను. ఆ నమ్మకంతో పంపు మాత్రం ఆపొద్దని చేతులెత్తి వేడుకుంటాను.

నీలం రంగు సాల్బుటమాల్ పంపు ఒక్కటే జేబులో పెట్టుకుని నెట్టుకొచ్చేవాళ్లు చాలామంది. అది ఊపిరి గొట్టాలను అప్పటికప్పుడు తెరుస్తుంది, లోపలి వాపును తగ్గించదు. వాపు తగ్గించేది స్టెరాయిడే. బాగున్న రోజుల్లో కూడా అందుకే మానకూడదు. నాకు వానాకాలంలో డాక్టరు మోతాదు తగ్గిస్తారు, కోతలకు ముందు పెంచుతారు. పెద్ద మోతాదు చాలాకాలం వాడేవాళ్లు, గ్లకోమా (కంటి నీటికాసులు) ఉన్నవాళ్లు కళ్లు చూపించుకుంటూ ఉండాలి.

స్పేసర్‌ను సబ్బు నీళ్లలో ముంచి తీసి గాలికి ఆరనివ్వండి. లోపల గుడ్డతో తుడిస్తే మందు దాని గోడలకే అంటుకుపోతుంది.